తలుపు మూసుకుని తిన్న బువ్వ

మా అత్తమ్మ ఒకరి ముందు పడుకుని ఉండే మనిషి కాదు. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన రెండేళ్ళలో పగటిపూట ఆమె నడుం వాల్చగా నేను చూడలేదు. నేను లేచేసరికి వాకిలి ఊడ్చి ఉండేది. నేను ఊడుస్తానంటే "రేపు ఊడుస్తువు తియ్యి" అనేది. ఆ రేపు ఎన్నడూ రాలేదు. అలాంటి మనిషి చేతిలోంచి ఒక పొద్దున చెంబు జారి పడింది. వంగి తీసుకోబోయి, తీసుకోలేక, అట్లాగే గోడకు ఒరిగింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఒక పక్కకు లాగింది.

అది జరిగింది మా ఊళ్ళో కాదు, నల్గొండలో మేము కిరాయికి ఉన్న రెండు గదుల ఇంట్లో. ఆ ఎండాకాలమే ఊరు విడిచి వచ్చాం. ఒకనాడు నిజాం తరఫు రజాకార్లు వచ్చి, వాళ్ళ మీద తిరగబడ్డ సంఘపోళ్ళకు అన్నం పెట్టింది ఎవరని అడిగేవారు. మరునాడు సంఘపోళ్ళు వచ్చి రజాకార్లకు ఏం చెప్పారని అడిగేవారు. మా ఇంటాయన పేరు ఎవరో చెప్పారని తెలిసిన రోజు బండి కట్టుకుని బయటపడ్డాం. అత్తమ్మ బండిలో విత్తనాల జొన్నల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వానలు పడేసరికి తిరిగి పోతామని ఆమె నమ్మకం. వానలు పడ్డాయి. మేము పోలేదు. ఆమె మంచాన పడింది.

మామ నా పెళ్ళికి ముందే పోయాడు. ఇంట్లో నలుగురం. అత్తమ్మ, మా ఇంటాయన, నేను, మా వదినె. వదినె అంటే మా ఇంటాయనకు అక్క. ఆయనకంటే పదిహేనేండ్లు పెద్దది. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి, తల్లిని పట్టుకుని ఉండిపోయింది. కోపం ముక్కు మీద ఉండేది. పని మాత్రం ఇద్దరు మనుషుల పని చేసేది, అదీ పుర్రచేత్తో. కొడవలి పట్టినా, చీపురు పట్టినా, రొట్టె కొట్టినా ఎడమ చెయ్యే ముందుకు వచ్చేది. అన్నం ఒక్కటే కుడి చేత్తో తినేది. చాలా మెల్లగా తినేది, అందరికంటే ఆఖరున లేచేది. అది ఆమె పద్ధతి అనుకున్నాను.

ఇక నేను. నోట్లో నాలుక లేని పిల్ల అని మా పుట్టింటివాళ్ళు గొప్పగా చెప్పి నన్ను ఆ ఇంటికి ఇచ్చారు. నాలుక లేకేం, ఉంది. వదినె ముందు దాన్ని కదిపే ధైర్యం లేదు, అంతే.

మిషన్ దవాఖాన డాక్టరమ్మ వచ్చి చూసి, మందుల కంటే మనిషి సాయం ముఖ్యమని చెప్పి, ఒకామెను కుదిర్చింది. ఆమెను అందరూ ఆయమ్మ అనేవారు. దవాఖానలో పదిహేనేండ్లు మంచాన పడ్డవాళ్ళను చూసుకున్న మనిషి. నలభై దాటి ఉంటాయి. తెల్లచీర, గట్టిగా ముడేసిన కొప్పు, చిన్న గుడ్డసంచి. మాలవాడలో పుట్టి, దవాఖానలో చేరాక వాళ్ళ మతం పుచ్చుకుంది. మా వదినెకు ఆ రెండోది పట్టలేదు, మొదటిదే పట్టింది.

"ఒళ్ళు తుడుసుడు, బట్టలు మార్సుడు, కాళ్ళకు నూనె రాసుడు, అన్నీ నువ్వే సూసుకో. బువ్వ దిక్కు మాత్రం రాకు. మా అవ్వకు బువ్వ నా చేత్తోనే పెడత" అంది వదినె. ఆమె తల్లిని అవ్వా అనే పిలిచేది.

"మంచిదమ్మా. ముట్ట" అంది ఆయమ్మ. ఆ మాట ఆమెకు కొత్త కాదని ముఖం చూస్తే తెలిసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత ఆమె ఒక ప్రశ్న అడిగింది. "ఒక్కటి చెప్పుండ్రి. పెద్దవ్వను మంచంల పండవెట్టి సూసుకోవాల్నా, లేవదీయాల్నా?"

"ఇదేం అడుగుడు? మంచిగ సూసుకో, అంతే" అంది వదినె.

మా ఇంటాయన "సూద్దాం" అన్నాడు. ఆయన అన్నిటికీ అదే అనేవాడు. నన్ను ఎవరూ అడగలేదు. మంచం మీది మనిషిని అసలే అడగలేదు. ఆయమ్మ మాత్రం అటు తిరిగి ఆమె ముఖం కాసేపు చూసింది.

మర్నాటి నుంచే పేచీలు మొదలయ్యాయి. వదినె పలుచగా జావ కాచి, పడుకున్న తల్లి నోట్లో చెంచాతో పోసేది. అది పొలమారి ఆమె దగ్గి దగ్గి నీలం తిరిగేది. ఆయమ్మ దిండ్లు పెట్టి ఆమెను కూర్చోబెట్టేది. "కూసోవెట్టి పెట్టుండ్రి అమ్మా. నీళ్ళోలె ఉన్నది పెట్టకుండ్రి, గొంతుల అడ్డం పడతది. గటక గట్టిగ వండుండ్రి" అనేది. గటక అంటే మా దిక్కు జొన్నరవ్వ ఉడికించిన ముద్ద. రోగికి గట్టి గటకా అని వదినె ఒంటికాలి మీద లేచేది. పెద్దమనిషిని కదిలిస్తుందని ఒకసారి, పడిపోయిన చేతికి చింతపండు ఇచ్చి గింజలు తియ్యమంటుందని ఒకసారి. "మేము నిన్ను పెట్టుకున్నది మా అవ్వతోని పని జేయించనీకా?" అని అడిగింది. ఆ మాట నాకూ నిజమే అనిపించింది. సేవ అంటే కాలు కింద పెట్టనీయకుండా చూసుకోవడమని నేనూ అనుకున్నాను. చేతికి పని లేకపోతే చెయ్యి మనిషిని మరిచిపోతుందని ఆయమ్మ చెప్పింది. మేము వినలేదు.

పది దినాలు గడిచేసరికి అత్తమ్మ నోరు తెరవడం మానేసింది. జావ తెస్తే పెదాలు బిగించేది. వదినె బతిమాలేది, కసిరేది, ఏడ్చేది. "ఒక్క బుక్క అవ్వా, నా మీద ఒట్టు" అనేది. అత్తమ్మ గోడ వైపు తిరిగేది. చెంపలు లోపలికి పోయాయి. వెండి కడియం మోచేతి దాకా జారుతోంది. ఇట్లాగే ఉంటే నెల కూడా బతకదని డాక్టరమ్మ మా ఇంటాయనతో చెప్పింది. ఆ రాత్రి వదినె కూడా తినలేదు.

అప్పుడు ఆయమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది. "మధ్యాహ్నం బువ్వ ఒక్కటి నా మాట మీద నడిపియ్యుండ్రి. గటక గట్టిగ వండి, పళ్ళెం పెద్దవ్వ పక్కన వెట్టి, మీరందరు బయటికి పోండ్రి. తలుపు మూస్త. నేను ముట్ట."

"తలుపెందుకు?" అంది వదినె.

"ఆమెకు గావాలె."

వదినె ఒప్పుకోలేదు. జీవితంలో మొదటిసారి మా ఇంటాయన అక్క మాటకు ఎదురు చెప్పాడు. "నాలుగు దినాలు సూద్దాం అక్కా" అన్నాడు. అదీ సూద్దామే, అయినా ఆ రోజు పనికొచ్చింది.

మొదటి రోజు పళ్ళెం సగం ఖాళీ అయింది. మూడో రోజు మొత్తం ఖాళీ. వదినె పళ్ళెం చూసి ఏడ్చింది, ఆనందంతోనే. వారం తిరిగేసరికి ఆ ఆనందం కాస్తా మరో దారి పట్టింది. కన్నబిడ్డ బతిమాలితే తినని మనిషి ఎవరో మూసిన తలుపు వెనక ఎట్లా తింటుంది? తలుపు మూసుకుని తినేది ఎవరు? వదినె ఆ మాట నా చెవిలో వేసింది. నేను అవునని తలూపాను. ఇప్పుడు సిగ్గుగానే ఉంది, కానీ ఊపాను.

మర్నాడు మధ్యాహ్నం నేను పెరటి వైపు కిటికీ దగ్గరికి వెళ్ళి సందులోంచి చూశాను. ఆయమ్మ మంచం వైపు వీపు పెట్టి, గోడ చూస్తూ కూర్చుని ఉంది. చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. అత్తమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఎడమ చేత్తో గటక తీసుకుని తింటోంది.

ఆ చేతికి అలవాటు లేదు. ముద్ద నోటి దాకా వచ్చేలోపు సగం చీర మీద పడుతోంది. గడ్డం నిండా గటక. అయినా మళ్ళీ పళ్ళెంలో చెయ్యి పెడుతోంది. ఎడమ చేత్తో తినే మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆ చెయ్యి దేనికి వాడతామో అందరికీ తెలుసు. చిన్నపిల్లలు మరిచిపోయి ఆ చేత్తో ముద్ద ముడితే వీపు మీద పడుతుంది. అయినా ఆ క్షణంలో నాకు రోత కలగలేదు. ఆమె ఆకలి ఒక్కటే కనిపించింది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. ముద్ద పళ్ళెంలో పడేసింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు ముఖం తిప్పుకుంది. ఆయమ్మ వెనక్కి తిరిగి, కొంగుతో ఆమె గడ్డం తుడిచి, నన్ను లోపలికి రమ్మంది. అత్తమ్మ నా చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, నాలుక తిరగక కష్టపడి, "బిడ్డకు... చెప్పకు" అంది.

బయటికి వచ్చాక ఆయమ్మ చెప్పింది. "ఒకల చేత తినవెట్టిచ్చుకునుడు ఆమెకు చావోలె ఉన్నది. నేను ముట్టద్దు, మీరు పెడితే ఆమె తినదు. ఇంగ ఉన్నది ఆమె చెయ్యే. జర చెయ్యి కుదిరేదాక ఆగు బిడ్డా. ఎవలకు తెలిసినా ఫికర్ లేదంటది, కన్నబిడ్డకు మాత్రం తెల్వద్దంటది. ఎందుకో నాకు తెల్వది."

నాకూ తెలియదు. చెప్పనని మాట ఇచ్చాను.

ఐదారు రోజులకే గండం వచ్చింది. ఆయమ్మ కొంగుకు గటక మరక ఉండడం వదినె చూసింది. ఇంకేం, వాకిట్లో నిలబెట్టి కడిగేసింది. "మా అవ్వ నోటికాడి బువ్వ తింటున్నవా? ముట్టనన్నవు గద!"

"నేను ముట్టలేదమ్మా" అంది ఆయమ్మ. ఆ ఒక్క మాటే. తర్వాత నా వైపు చూసింది. నేను నేల చూశాను. అత్తమ్మకు ఇచ్చిన మాట కోసం ఊరుకున్నానని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. వదినె గొంతు విని భయపడ్డాను. అది నిజం. ఆయమ్మ లోపలికి పోయి, అత్తమ్మ దిండు సరిచేసి, గుడ్డసంచి తీసుకుని వెళ్ళిపోయింది. భయంతో కాక, ఇచ్చిన మాట కోసమే నోరు మూసుకున్నది ఆమె ఒక్కతే.

ఆ మర్నాడే ఇండియన్ యూనియన్ మిలిటరీ హైదరాబాదు మీదికి బయలుదేరిందన్న వార్త వచ్చింది. విమానం ఒకటి ఇంటి మీదుగా పోయింది. దుకాణాలు మూసేశారు. ఎవరి తలుపులు వాళ్ళు బిగించుకున్నారు. మా ఇంటాయన గడియ వేసి, దానికి రోలు అడ్డం పెట్టాడు. వీధిలో బూట్ల చప్పుడైతే అందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. రజాకార్లా, మిలిటరీయా, ఎవరైనా భయమే. లోపల మాకు ఇంకో భయం. అత్తమ్మ మళ్ళీ పెదాలు బిగించింది. ఆయమ్మను పిలుద్దామన్నా గల్లీ దాటే వీలు లేదు. ఒకరోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. ఇన్ని నీళ్ళతో గొంతు తడిపితే అంతే. మూడో రోజు మధ్యాహ్నం వదినె పళ్ళెం పట్టుకుని మంచం పక్కన కింద కూర్చుని "నేనేం పాపం జేసిన అవ్వా, నా చేతి బువ్వ నీకు విషమయిందా?" అని గుండె పగిలేట్టు ఏడ్చింది.

అప్పుడు నా నాలుక కదిలింది. గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పేశాను. కిటికీ, ఎడమ చెయ్యి, గోడ వైపు తిరిగి కూర్చున్న ఆయమ్మ, కొంగు మీది మరక ఎట్లా వచ్చిందీ, అన్నీ. చెప్పి, కొడుతుందేమోనని నిలబడ్డాను.

వదినె కొట్టలేదు. తల్లి వైపు తిరిగింది. "నాకు దెల్వద్దన్నవా? అందరికి తెల్వొచ్చు, నాకే దెల్వద్దా? ఎందుకే అవ్వా?"

అత్తమ్మ కళ్ళు మూసుకుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఒక్కొక్క మాట ఏరుకుంటూ అంది. "నీ చెయ్యి... కట్టేసిన. కొట్టిన. ఇప్పుడు... ఏ మొకంతోని..."

వదినె పళ్ళెం కింద పెట్టింది. మా ఇంటాయన నా వైపు చూశాడు, ఆయనకూ అర్థం కాలేదు. ఆయన పుట్టక ముందు సంగతి అది. తర్వాత వదినె నాకు చెప్పింది. ఆమెకు ఐదేండ్లప్పుడు అన్నం ఎడమ చేత్తోనే తినేదట. ఎంత చెప్పినా చెయ్యి వినేది కాదట. ఆడపిల్ల, రేపు ఒకరింటికి పోయేది, నలుగురిలో నవ్వులపాలవుతుందని తల్లికి భయం. ఒక వానాకాలం మొత్తం, బువ్వ పెట్టినప్పుడల్లా ఆ ఎడమ చేతిని పాతచీర పేలికతో గుంజకు కట్టేసేదట. కట్టు విప్పుకుంటే గంటెతో కొట్టేదట. కుడి చేత్తో తినడం అట్లా నేర్చుకుంది. పెద్దయ్యాక కూడా మెల్లగా తినడం, ఆఖరున లేవడం అందుకే. నేను దాన్ని పద్ధతి అనుకున్నాను.

వదినె లేచి వంటింట్లోకి పోయింది. కోపమొచ్చి పోయిందనే అనుకున్నాం. గిన్నెల చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు రెండు చేతుల్లో రెండు పళ్ళేలు, రెండింటిలో గట్టి గటక, మీద ఇంత మజ్జిగ. ఒకటి తల్లి ఎడమ పక్కన పెట్టింది. ఇంకోటి తన ముందు పెట్టుకుని మంచానికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఎడమ చెయ్యి కడుక్కుని, కుడి చేతిని తొడ కింద పెట్టుకుంది. ఎడమ చెయ్యి పళ్ళెంలో పెట్టింది.

ముప్పై అయిదేండ్ల తర్వాత. అయినా ఆ చెయ్యి ఏమీ మరిచిపోలేదు. చకచకా ముద్ద చేసి, ఒక్క మెతుకు రాలకుండా నోట్లో వేసుకుంది.

అత్తమ్మ అది చూస్తూ మెల్లగా పళ్ళెంలో చెయ్యి పెట్టింది. ముద్ద ఎత్తింది. జారింది.

"గట్ల గాదే అవ్వా" అంది వదినె, నోట్లో గటకతోనే. "అన్ని వేళ్ళు వెట్టకు. మూడు వేళ్ళతోని వట్టి, బొటనేలుతోని నూకాలె. గిట్ల. సూడు."

అత్తమ్మ చూసింది. రెండోసారి పట్టింది. తిన్నది. వదినె ఏడుస్తూనే తింటోంది. బయట వీధిలో ఎవరో పరుగెత్తిన చప్పుడైంది, ఎవరూ లేవలేదు. ఆ రోజు అందరికంటే ముందు తిని లేచింది వదినె.

నాలుగు రోజులకు గడబిడ సద్దుమణిగి బాటలు తెరుచుకున్నాయి. మిలిటరీ బండ్లను చూడడానికి జనం రోడ్డు మీదికి ఉరికారు. మా ఇంటాయన అటు పోకుండా ఆయమ్మ ఇంటికి పోయాడు. ఆమె రాలేదు. "పంపినామె రావాలె" అందట. మర్నాడు వదినె పోయింది, నన్ను వెంటబెట్టుకుని. ఆయమ్మ తన గుడిసె ముందు బియ్యం చెరుగుతోంది. లేవలేదు, చేటా దించలేదు. వదినెకు తప్పయిందనే మాట జీవితంలో రాలేదు, ఆ రోజూ రాలేదు. ఆయమ్మ కాళ్ళ దగ్గర మట్టి మీద కూర్చుంది.

"నువ్వు మొదటి రోజు అడిగితివి గద, పండవెట్టాల్నా లేవదీయాల్నా అని. లేవదీయాలె. ఎట్లనో నువ్వు చెప్పు. మేమేం జెయ్యాలె, ఏం జెయ్యద్దు, అన్నీ ముందే అనుకుందాం."

ఆయమ్మ చేట పక్కన పెట్టింది. "నా మీద అనుమానమొస్తే నా మొకం మీద అడగాలె. ఆమె పని ఆమె చేసుకుంటాంటే మీరు అడ్డం రావద్దు, ఎంత సేపయినా. ఆమె నొచ్చుకుంటే నాకు చెప్పాలె, నా ఎనక మాట్లాడద్దు. పొద్దు గూకితె నేను ఇంటికి పోవాలె, నాకు కూడ ఇల్లున్నది. ఇంగ బువ్వ... బువ్వ నాది గాదు, మీది గాదు. ఆమెది."

అన్నిటికీ వదినె తల ఊపింది. నేను కూడా ఊపాను, ఈసారి సరైనదానికి.

అన్నీ సర్దుకున్నాయని రాస్తే బాగుంటుంది కానీ రాయలేను. ఆయమ్మ మా ఇంట్లో మూడేండ్లు చేసింది. నీళ్ళు తాగే గిన్నె ఆమెకు మూడేండ్లూ వేరుగానే ఉంది, వాకిట్లో, గూట్లో. మా అత్తమ్మను కూర్చోబెట్టింది ఆమె, నిలబెట్టింది ఆమె, కట్టె పట్టుకుని వాకిలి దాకా నడిపించింది ఆమె. ఆ గిన్నెను లోపలికి తెచ్చే పని మాలో ఎవరమూ చేయలేదు. ఇప్పుడు నేనే ముసలిదాన్నయి మంచాన పడితే, నా పక్కన కూర్చోవడానికి ఒక పిల్ల వస్తోంది. ఆమె మొదటి రోజు వచ్చినప్పుడు నేను అడిగిన మొదటి మాట "తిన్నవా బిడ్డా" అని. మా పిల్లలు అది నా మంచితనం అనుకున్నారు.

అత్తమ్మకు కుడి చెయ్యి తిరిగి రాలేదు. బతికినన్నాళ్ళూ ఎడమ చేత్తోనే తిన్నది.

ఆయమ్మ తిరిగి వచ్చిన మొదటి రోజు మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. నేను పళ్ళెం తెచ్చి అత్తమ్మ పక్కన పెట్టాను. వదినె గుమ్మం ముందు కూర్చుని పత్తి ఒలుస్తోంది. మా ఇంటాయన వాకిట్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆయమ్మ దిండ్లు సర్ది, అలవాటుగా పోయి తలుపు రెక్క మీద చెయ్యి వేసింది.

అత్తమ్మ ముద్ద పట్టుకున్న ఎడమ చేతిని పైకెత్తింది. గటక మణికట్టు మీదికి కారుతోంది.

"ఉండనియ్యి" అంది.

ఆయమ్మ తలుపు వదిలేసి వచ్చి, ఈసారి గోడ వైపు కాకుండా ఆమె వైపు తిరిగి కూర్చుంది.